ములకలపల్లికి పది సెల్స్: బ్రెయిలీ నోట్‌టేకర్‌ని ఫోన్‌కి కలపడం

ముందు ఈ వస్తువు ఏంటో చెప్తాను, ఎందుకంటే మన కాలేజీలో చాలామంది దీన్ని చూసి ఉండరు. మన డిగ్రీ పుస్తకం కన్నా చిన్నగా, కొంచెం బరువుగా ఒక పెట్టె. పైన ఆరు కీస్, మధ్యలో స్పేస్ బార్. కింద ఒక సన్నని పట్టీ, అందులో చిన్న చిన్న పిన్నులు. మీరు ఏదైనా టైప్ చేస్తే ఆ పిన్నులు కొన్ని పైకి లేస్తాయి, కొన్ని కిందే ఉంటాయి. వేలు పెట్టి చదవాలి. స్క్రీన్ అనేదే లేదు. దీన్నే బ్రెయిలీ నోట్‌టేకర్ అంటారు. చూపు లేనివాళ్లకి పెన్నూ పుస్తకమూ రెండూ అదే.

ఈ నోట్‌టేకర్‌ని మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌కి ఎలా కలపాలో, కలిపాక తెలుగు ఎక్కడ ఆగిపోతుందో చెప్పడమే ఈ వ్యాసం పని. మొదటి భాగం పది నిమిషాల్లో అయిపోతుంది. రెండో భాగం మాత్రం మనం సెకండ్ ఇయర్‌లో చదివే డేటా స్ట్రక్చర్స్ అన్నీ కలిపి పరీక్ష పెట్టినట్టు ఉంటుంది.

నాకు దీంతో పనేంటంటే, మాది ములకలపల్లి. 2016 దాకా ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం. పాల్వంచ నుంచి అడవి దారిన రావాలి. మా బావకి చిన్నప్పటి నుంచీ చూపు లేదు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకున్నాడు, డిగ్రీ అయింది, ఇప్పుడు ఇంటి దగ్గరే ఉండి గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. ఒక సంస్థ వాళ్లు వాడుకోమని ఇచ్చిన 20 సెల్స్ నోట్‌టేకర్ ఆయన దగ్గర ఉంది. పోయిన సెలవుల్లో ఒక మాట అన్నాడు: "అందరూ నాకు నోట్స్ చదివి పెడ్తరు, మంచిదే. నా నోట్స్ కావాలని ఎవడన్నా అడిగిండారా? అడిగినా ఎట్ల ఇయ్యాలె?" ఆయన నోట్స్ బాగుంటాయి. నిజంగా బాగుంటాయి, చదివి వినిపిస్తే తెలుస్తుంది. కానీ అవన్నీ ఆ పెట్టెలో ఉన్న మెమరీ కార్డులోనే ఉండిపోయాయి.

కొంచెం వెనక్కి వెళ్దాం. ఇలాంటి మెషీన్లలో మొదట పేరొచ్చింది 1987లో అమెరికాలో డీన్ బ్లేజీ తయారుచేసిన బ్రెయిల్ అండ్ స్పీక్. దానికి పిన్నుల పట్టీ లేదు. బ్రెయిలీలో టైప్ చేస్తే గొంతుతో చదివి వినిపించేది. తర్వాత బ్రెయిల్‌నోట్, బ్రెయిల్ సెన్స్ లాంటివి వచ్చాయి, పిన్నులతో. మన దేశంలో ఐఐటీ ఢిల్లీలో ప్రొఫెసర్ ఎం. బాలకృష్ణన్, ప్రొఫెసర్ పి.వి.ఎం. రావు నడిపించిన అసిస్‌టెక్ ల్యాబ్ నుంచి 2019 ఫిబ్రవరిలో డాట్‌బుక్ విడుదలైంది. అందులో 40 సెల్స్‌ది ఒకటి, 20 సెల్స్‌ది ఒకటి. ఆర్బిట్ రీడర్ 20 అనేది ఇంకొకటి, ధర తగ్గించాలనే తయారుచేశారు. తగ్గినా, మనలో చాలామంది జేబులో ఉన్న ఫోన్ కన్నా ఎక్కువే ఉంటుంది. ఎందుకంత అని అడిగితే లెక్క సింపుల్. ఒక్కో సెల్‌లో ఎనిమిది పిన్నులు అనుకుంటే, 20 సెల్స్‌కి 160 పిన్నులు. ప్రతిదీ విడిగా లేవాలి, విడిగా దిగాలి, వేలు నొక్కితే కుంగిపోకూడదు. మనం ఒక సర్వో మోటార్‌ని సరిగ్గా తిప్పడానికే ల్యాబ్‌లో మూడు గంటలు పడతాం.

ఫోన్ మాట్లాడుతుంది కదా, ఇంకా పిన్నులెందుకు అని మన క్లాసులోనే ఒకరు అడిగారు. మంచి ప్రశ్నే. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ 2009 నుంచీ ఉంది, స్క్రీన్ మీద ఉన్నదంతా చదువుతుంది. కానీ వినడం చదవడం కాదు. "గణం" అన్నదీ "గనం" అన్నదీ చెవికి దాదాపు ఒకటే. ళ, ల కూడా స్పీడ్ పెంచి వింటే కలిసిపోతాయి. చెవితోనే చదువుకున్నవాళ్లకి స్పెల్లింగ్ ఎప్పటికీ అనుమానమే. ఇక లెక్కలైతే చెప్పక్కర్లేదు, బ్రాకెట్ ఎక్కడ మూసుకుందో వింటూ గుర్తుపెట్టుకోవాలి. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా పదో తరగతి తర్వాత సైన్స్ తీసుకోవడానికి కోర్టు దాకా వెళ్లాల్సొచ్చిందని, ఆ తర్వాత అమెరికాలో ఎంఐటీలో చదివారని మీకు తెలిసే ఉంటుంది. చూపు లేనివాళ్లు సైన్స్ చదవలేరనే మాట ఎక్కడి నుంచి వస్తుందంటే, చదువు మొత్తాన్ని చెవి మీదే వదిలెయ్యడం దగ్గర్నుంచి.

ఇంకో చిన్న కారణం బావ చెప్పాడు. పాల్వంచ బస్సులో కూర్చుని మెసేజ్ వినాలంటే పక్క సీటు ఆయన కూడా వింటాడు. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే స్టేజీ పేరు వినపడదు. ఓటీపీ అయితే మరీ. నోట్‌టేకర్ ఫోన్‌కి కలిసి ఉంటే గొంతు ఆపేసి, ఫోన్ జేబులోనే ఉంచి, వేళ్లతో చదువుకోవచ్చు.

సరే, కలపడం. ఇక్కడ ఒక విషయం ముందే తెలియాలి. నోట్‌టేకర్‌కి రెండు అవతారాలు. తన పని తాను చేసుకునేటప్పుడు అది ఒక నోట్‌బుక్: ఫైల్ తెరుస్తుంది, రాస్తుంది, కార్డులో దాస్తుంది. ఫోన్‌కి కలిపినప్పుడు మాత్రం అది ఫోన్‌కి ఒక కీబోర్డు, ఒక వేలి స్క్రీన్. అప్పుడు దానిలో రాసింది దానిలో ఉండదు, ఫోన్‌లోకి వెళ్తుంది. కలపగానే తన పాత ఫైళ్లు ఫోన్‌లో కనిపిస్తాయని ఆశపడితే కనిపించవు. వాటి సంగతి వేరు, తర్వాత చెప్తాను.

మొదట ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చెయ్యాలి. నోట్‌టేకర్ మెనూలో బ్లూటూత్ ఆన్ చేసి, ఫోన్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లో మామూలు హెడ్‌సెట్‌ని కలిపినట్టే జత చెయ్యాలి. ఇక్కడితో అయిపోయిందనుకుంటారు చాలామంది. ఫోన్ "జత అయింది" అంటుంది, పిన్నులు మాత్రం లేవవు. ఇంకా టాక్‌బ్యాక్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, బ్రెయిలీ అనే చోట బ్రెయిలీ డిస్‌ప్లేని ఆన్ చెయ్యాలి. పాత ఫోన్లలో ఇది టాక్‌బ్యాక్‌లో ఉండదు, బ్రెయిల్‌బ్యాక్ అనే వేరే యాప్ వేసుకోవాల్సొచ్చేది. 2022లో వచ్చిన టాక్‌బ్యాక్ 13 నుంచి లోపలే ఉంది. ఒక జాగ్రత్త: మెషీన్ బ్లూటూత్ పేరు మార్చకండి. బ్లూటూత్‌లో చాలా మెషీన్లు ఒక సీరియల్ పోర్టులా మాట్లాడతాయి, ఏ మెషీన్‌తో ఏ భాషలో మాట్లాడాలో ఫోన్ ఆ పేరు చూసే తేల్చుకుంటుంది. ముద్దుగా ఇంకో పేరు పెడితే ఫోన్‌కి అదెవరో తెలియదు. ఈ తలనొప్పి పోవడానికే 2018లో యూఎస్‌బీ సంస్థ బ్రెయిలీ డిస్‌ప్లేలన్నిటికీ కలిపి ఒక ప్రమాణం ప్రకటించింది, మౌస్‌కీ కీబోర్డుకీ ఉన్నట్టే. ఆండ్రాయిడ్ 15లో దానికి సపోర్ట్ వచ్చింది. మా ఊరికి ఆండ్రాయిడ్ 15 చేరడానికి టైం పడుతుంది లెండి.

పిన్నులు లేచాక ఫోన్‌లో తిరగడం తేలిక. స్పేస్‌తో పాటు 4వ చుక్క నొక్కితే తర్వాతి ఐటెమ్, స్పేస్‌తో పాటు 1 నొక్కితే వెనకటిది. స్పేస్‌తో పాటు 1-2-5 కలిపి నొక్కితే హోమ్ స్క్రీన్, 1-2 నొక్కితే బ్యాక్, 1-3-4-5 నొక్కితే నోటిఫికేషన్లు. ఇంగ్లిష్ బ్రెయిలీలో అవి హెచ్, బీ, ఎన్. తమాషా ఏంటంటే తెలుగు బ్రెయిలీలో కూడా అవే చుక్కలు హ, బ, న. హోమ్‌కి హ, బ్యాక్‌కి బ, నోటిఫికేషన్‌కి న. గుర్తుపెట్టుకోవడానికి కొత్తగా ఏమీ నేర్చుకోనక్కర్లేదు.

టైప్ చెయ్యాలంటే మాత్రం ఫోన్ కీబోర్డుని టాక్‌బ్యాక్ బ్రెయిలీ కీబోర్డుకి మార్చాలి. ఈ కీబోర్డు 2020లో వచ్చింది, నోట్‌టేకర్ లేనివాళ్లకి కూడా పనికొస్తుంది. ఫోన్‌ని అడ్డంగా, స్క్రీన్ అవతలి వైపుకి తిప్పి పట్టుకుంటే గాజు మీదే ఆరు కీస్. చదవడానికి పిన్నులుండవు గానీ రాయడం ఫ్రీ.

ఇందులో దేనికీ నెట్ అక్కర్లేదు. ఇది మా వైపు వాళ్లకి పెద్ద విషయం. వానాకాలంలో సిగ్నల్ అడవిలోకి పోయి దాక్కుంటుంది, కరెంటు దానికి తోడు. బ్లూటూత్ రెండు మెషీన్ల మధ్య మాటే కాబట్టి టవర్‌తో పని లేదు. తెలుగు గొంతు ఫైల్ మాత్రం సిగ్నల్ ఉన్న రోజే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి. బ్యాటరీ సేవర్ టాక్‌బ్యాక్‌ని వెనకాల ఆపెయ్యకుండా మినహాయింపు ఇవ్వాలి. లేకపోతే మెసేజ్ మధ్యలో పిన్నులన్నీ ఒక్కసారి పడిపోతాయి.

ఇక అసలు కథ. పిన్నులు లేచాయి, కానీ ఏ భాషలో లేచాయి?

ఆరు చుక్కలు, ఒక్కోటి లేవడమో లేవకపోవడమో. రెండు పవర్ ఆరు, 64. 1809లో పుట్టిన లూయీ బ్రెయిలీ చేసింది ఒక ఆరు బిట్ల కోడ్, కంప్యూటర్లకి ఒక శతాబ్దం ముందు. మన దేశంలో ఒకప్పుడు ఒక్కో చోట ఒక్కో పద్ధతి ఉండేది. 1951లో అన్నిటికీ కలిపి భారతి బ్రెయిలీ వచ్చింది. దాని సూత్రం అందమైనది: అక్షరం ఆకారం కాదు, శబ్దం ముఖ్యం. అందుకే మన క, హిందీ క, తమిళ క మూడూ ఒకే సెల్. ఇంగ్లిష్‌తో శబ్దం కలిసిన చోట ఇంగ్లిష్ సెల్లే తీసుకున్నారు. మ అంటే ఎమ్, ల అంటే ఎల్, ప అంటే పీ. మా వైపు కోయ మాటలు తెలుగు లిపిలో రాసుకునేవాళ్లకి కూడా ఇదే సరిపోతుంది.

మా ఊరి పేరు రాసి చూద్దాం. మ, ఉ, ల, క, ల, ప, హలంతు, ల, ల, ఇ. మొత్తం 10 సెల్స్. గుణింతానికి వేరే గుర్తు లేదు, హల్లు పక్కన అచ్చు పెడితే అదే గుణింతం. హలంతు అంటే ఒక్క 4వ చుక్క. 20 సెల్స్ పట్టీలో సగం మా ఊరే.

ఇదే పేరు ఫోన్‌లో యూనికోడ్‌లో కూడా సరిగ్గా 10 కోడ్ పాయింట్లు. ఒకటికి ఒకటి సరిపోయిందని సంబరపడేలోపు చివర్లో చూడండి. "ల్లి" యూనికోడ్‌లో ల, హలంతు, ల, గుడి. బ్రెయిలీలో హలంతు ముందొస్తుంది: హలంతు, ల, ల, ఇ. అంటే చదివే వేలికి "ఇప్పుడొచ్చే హల్లుకి అచ్చు లేదు" అని ముందే చెప్తుంది. ఫోన్ ఏమో హల్లు ఇచ్చేశాక "దాని అచ్చు తీసెయ్" అంటుంది. నాకు బ్రెయిలీ పద్ధతే న్యాయంగా అనిపిస్తుంది. పెద్ద మెషీన్లలో ప్రతి సెల్ పైన ఒక బటన్ ఉంటుంది, నొక్కితే కర్సర్ అక్కడికి పోవాలి. ఏడో సెల్ మీద నొక్కితే ఫోన్‌లో ఎక్కడికి పోవాలి? ఏడో కోడ్ పాయింటుకి పోతే అది హలంతు కాదు, ల. ఈ అటూఇటూ మార్పులన్నీ చూసుకునేది లిబ్‌లూయీ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ. 2002లో దాన్ని మొదలుపెట్టిన జాన్ బోయర్‌కి చూపూ లేదు, వినికిడీ లేదు. టాక్‌బ్యాక్, ఎన్‌వీడీఏ లోపల ఉన్నది అదే. అందులో భాషకొక టేబుల్ ఉంటుంది, తెలుగుకీ ఉంది. ఎవరైనా తెరిచి చదవొచ్చు, మామూలు టెక్స్ట్ ఫైలే.

కాబట్టి ఏ ఫోన్‌లోనైనా జత కుదిరాక మొదట చూడాల్సింది బ్రెయిలీ భాషల జాబితా. అక్కడ ఇంగ్లిష్ ఒక్కటే ఉండి, మెసేజ్ తెలుగులో వస్తే, అక్షరానికి బదులు దాని యూనికోడ్ నంబర్ లేవడం కూడా జరుగుతుంది. ఒక్క అక్షరానికి ఏడెనిమిది సెల్స్. అలా ఊరి పేరు చదవడానికి మూడు సార్లు పట్టీ జరపాలి. ఇంగ్లిష్ సంక్షిప్త బ్రెయిలీ ఆన్‌లో ఉంటే ఇంకా విచిత్రం, విడిగా ఉన్న ఒక్క క "నాలెడ్జ్" అయిపోతుంది.

ఇప్పుడు బావ పాత నోట్స్. అవి కార్డులో బీఆర్‌ఎఫ్ ఫైళ్లు. ఈ ఫార్మాట్‌లో ప్రతి సెల్‌కి కీబోర్డు మీది ఒక గుర్తు ఇచ్చేశారు, 64 సెల్స్‌కి 64 గుర్తులు. ఏ భాషలో రాశారో ఫైల్‌లో ఎక్కడా ఉండదు. కార్డు తీసి ఫోన్‌లో తెరిస్తే ములకలపల్లి ఇలా కనిపిస్తుంది: ఎమ్ యూ ఎల్ కే ఎల్ పీ @ ఎల్ ఎల్ ఐ. వైఫై పాస్‌వర్డ్ అనుకుంటాం. ఖమ్మం అయితే అసలు పాస్‌వర్డే: చుక్క, @, ఎమ్, ఎమ్, సెమీకోలన్. భద్రాచలంలో మొదటి గుర్తు ^, ఆ తర్వాత @. ఆయన నోట్స్ ఎవరూ అడగకపోవడానికి కారణం ఇదే. తెరిచినవాడు ఫైల్ పాడైందనుకుని మూసేస్తాడు.

దీన్ని తెలుగులోకి మార్చడానికి నేను పైథాన్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఒక డిక్షనరీ, ఒక లూప్. @ వస్తే గుర్తుపెట్టుకో, తర్వాతి హల్లు రాశాక దాని వెనకాల హలంతు పెట్టు. అచ్చు వస్తే ముందున్నది హల్లా కాదా చూడు. హల్లైతే గుణింతం, కాకపోతే పూర్తి అచ్చు. చుక్కల నుంచి యూనికోడ్ బ్రెయిలీ గుర్తు కావాలన్నా తేలికే: 1వ చుక్కకి 1, 2కి 2, 3కి 4, 4కి 8, ఇలా కలిపి 10240కి చేర్చాలి. మ అంటే 1-3-4, అంటే 13, కాబట్టి 10253. బిట్‌మాస్క్ ఎందుకు నేర్చుకోవాలని అడిగేవాళ్లకి ఇది చూపించొచ్చు.

ఇక్కడిదాకా అసైన్‌మెంట్ లెవెల్. తర్వాత భాష మొదలవుతుంది. బ్రెయిలీలో అంకెలకి వేరే సెల్స్ లేవు. ముందు నంబర్ గుర్తు పెట్టి ఏ నుంచి జే దాకా అక్షరాలు రాస్తే 1 నుంచి 9, తర్వాత 0. ఆ నంబర్ గుర్తు 3-4-5-6. తెలుగులో ణ కూడా 3-4-5-6 కాబట్టి, నంబర్ గుర్తు కనపడగానే అంకె అనుకునే ప్రోగ్రామ్‌కి "గణితం" ఇస్తే "గ9తం" ఇస్తుంది. గ, నంబర్ గుర్తు, ఐ అంటే 9, తం. గణితంలో తొమ్మిది దూరింది. దీనికి పరిష్కారం తెలుగే ఇచ్చింది: మన మాటలు ణతో మొదలవ్వవు. అందుకని మాట మొదట్లో ఉంటే నంబర్, మధ్యలో ఉంటే ణ. ఈ రూల్ చెప్తే బావ నవ్వి, "మా వేళ్లు ఎప్పుడూ అదే చేస్తయి కదరా" అన్నాడు. ఇంకోటి, "5 గంటలకు" అన్నప్పుడు మధ్యలో ఖాళీ వదలకపోతే గ అంటే 7 కాబట్టి 57 అయిపోతుంది. ఇది రాసేవాళ్ల చేతిలోనే ఉంది.

ఈ రూల్స్‌తో ఆయన తెలంగాణ చరిత్ర నోట్స్ మొదటి ఫైల్ చక్కగా వచ్చింది. మా ఊరి గ్రూప్స్ బ్యాచ్ వాట్సాప్‌లో పెట్టాం. సాయంత్రానికి ఒకరు "రెండో పార్ట్ ఉందా అన్నా" అని అడిగారు. బావ నోట్‌టేకర్ నుంచే జవాబు టైప్ చేశాడు, పక్కన నేను కూర్చుని ఉన్నా నన్ను అడగలేదు.

మిగిలిన చిక్కు ఇంగ్లిష్ మాటలు. మనందరిలాగే ఆయన కూడా తెలుగు మధ్యలో ఇంగ్లిష్ రాస్తాడు. ఇంగ్లిష్‌లో బీ-యూ-ఎస్ అని రాసిన బస్సు తెలుగు టేబుల్‌లో పడితే "బుస" అవుతుంది. పాము లేకుండా బుస. ఎన్-ఈ-టీ అని రాసిన నెట్ "నేత" అవుతుంది, రాజకీయ నోట్స్‌లో ఆ నేత ఎవరో కనుక్కోవడం కష్టం. రెండూ సరైన తెలుగు మాటలే కాబట్టి డిక్షనరీలో చూసినా తప్పు దొరకదు, ముందూ వెనకా మాటలు చూడాలి. ప్రస్తుతానికి బావ ఇంగ్లిష్ మాట ముందు ఒక గుర్తు పెట్టి రాస్తానన్నాడు, కొత్త ఫైళ్లకి అది చాలు. పాతవి 30 దాకా ఉన్నాయి. ముందూ వెనకా మాటలు చూసి బుసకీ బస్సుకీ తేడా చెప్పే పద్ధతి ఎవరికైనా తోస్తే, మెషీన్ లెర్నింగ్ ఎలక్టివ్ తీసుకున్నవాళ్లు ముఖ్యంగా, క్లబ్ మీటింగ్‌లో నన్ను పట్టుకోండి. ఫైళ్లు ఇస్తాను, బావ సరే అన్నాడు.